ఉద్దానంలో కొండల మధ్య పొద్దు పొడవదు

ఏ ఊరి బడికైనా వెళ్లి, పిల్లల చేతికి తెల్ల కాగితం ఇచ్చి ‘మీకిష్టమైన బొమ్మ వేయండి’ అని చూడండి. నూటికి ఎనభై మంది ఒకటే బొమ్మ వేస్తారు. రెండు కొండలు, వాటి సందులోంచి సగం సూర్యుడు, కిందికి పారే ఏరు, గట్టు మీద గుడిసె, పక్కనో కొబ్బరిచెట్టు. మా శ్రీకాకుళం జిల్లాలో టెక్కలిలో అదే, కాశీబుగ్గలో అదే, సముద్రం ఒడ్డున వజ్రపుకొత్తూరు మండలంలోనూ అదే. డ్రాయింగు మాస్టారుగా జీతం తీసుకున్నంత కాలం ఈ బొమ్మను దిద్దుతూనే ఉన్నాను. పదవీ విరమణ చేశాక ఇప్పుడు తీరానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న బడికి శనివారాలు వెళ్తున్నాను. అక్కడ మొదటి రోజు నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లోనూ ఆ కొండలే, ఆ సూర్యుడే.

ఉద్దానం ఎలా ఉంటుందో చూడనివారి కోసం చెబుతాను. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా తీరం పొడవునా కొబ్బరి, జీడి, మామిడి, పనస తోటలు. తూర్పున బంగాళాఖాతం. పడమటి దిక్కున, మందస దాటాక, మహేంద్రగిరి వరస. మాకు పొద్దు పొడిచేది సముద్రంలోంచి, వాలేది కొండల వెనక్కి. కొండల సందున ఉదయించే సూర్యుణ్ని మా పిల్లలు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చూడనిదాన్ని అంత నమ్మకంగా ఎలా వేస్తున్నారు? డ్రాయింగు పుస్తకంలో ఉంది, బడి గోడ మీద ఉంది, అన్నయ్య వేశాడు, అందుకని.

ఆరో తరగతిలో అడిగాను: “పొద్దు ఎటునుంచి పొడుస్తాది?”

“సముద్రం కాడ్నుంచి మాస్టారూ.”

“మరి కొండలెటున్నాయి?”

చేతులన్నీ ఒక్కసారే పడమటి కిటికీ వైపు లేచాయి. తరగతి కాసేపు తన కాగితాలకేసి చూసుకుంది. అందరూ రబ్బరుకోసం వెతుక్కుంటుంటే ఒక పిల్ల మాత్రం చెరపలేదు. “అయితే ఇది సాయంత్రం బొమ్మ మాస్టారూ!” అంది. కొండలూ సూర్యుడూ ఎక్కడున్నవి అక్కడే ఉంచి, ఆకాశానికి కుంకం రంగు పట్టించి, ఏటి గట్టు మీద ఇంటికి మళ్లే రెండు ఆవుల్ని, వెనకాల కర్ర పట్టుకున్న ముసలాయన్ని చేర్చింది. గుడిసె ముందు దీపం పెట్టింది. ఒక్క మాటతో పుస్తకం బొమ్మ వాళ్ల ఊరి బొమ్మ అయిపోయింది. పిల్లల సృజన అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునేది నా కళ్లకు ఇంత స్పష్టంగా చాలా అరుదుగా కనిపించింది.

ఇలాంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఉన్నారు. వాళ్లను ఆ ప్రశ్న అడిగే మనిషే లేడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధంలో ఒక నిబంధన ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమందికి మించితే కళావిద్యకు, వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. వందకు లోపు ఉంటే? చట్టం మాట్లాడదు. తీరం వెంబడి పల్లెల్లో బళ్లు చాలావరకు ఆ వందకు లోపువే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళావిద్య తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడో ఒకప్పుడు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్చుకునే వీలుండాలంది. రాసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ టైంటేబుల్లో ‘డ్రాయింగ్’ అని రాసి ఉన్న గడిలోకి లెక్కల పాఠం నడిచొస్తే ఆపడానికి గుమ్మంలో ఒక మనిషి ఉండాలి కదా.

ఒకప్పుడు ఆ మనిషి ఉండేవాడు. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, వేసవిలో నలభై రెండు రోజుల శిక్షణ పొంది వచ్చే డ్రాయింగు మాస్టారు. ఆయన బడికి బొమ్మలు నేర్పేవాడు, ఊరికి బోర్డులు రాసేవాడు, నాటకానికి తెర కట్టేవాడు. మన జిల్లా దేశానికిచ్చిన గొప్ప చిత్రకారుడు అలాంటి ఇంట్లోనే పుట్టాడు. వడ్డాది పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామ్మూర్తి గారు డ్రాయింగు మాస్టారు. ‘చందమామ’ అట్టల మీద, ‘యువ’ పుటల్లో వపా సంతకంతో వచ్చిన ఆ బొమ్మల కోసం పత్రిక కొన్న ఇళ్లు ఆంధ్రదేశంలో ఎన్నో. ఇంట్లోనే రంగులూ కుంచెలూ, బొమ్మ గురించి మాట్లాడే తండ్రీ ఉండటం ఆ పిల్లాడికి దొరికిన అదృష్టం. ఉద్దానంలో వల అల్లే ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఆ అదృష్టం బడిలోనే దొరకాలి.

పిల్లలు బొమ్మలు ఎలా వేస్తారో తెలిస్తే పెద్దవాళ్లు సగం తిట్లు మానేస్తారు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికా వెళ్లి స్థిరపడిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే పండితుడు 1947లో ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ అనే పుస్తకంలో ఈ దశల్ని వివరంగా రాశాడు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు. తరవాత గుండ్రటి తల, దానికే అతికించిన కాళ్లు. ఏడెనిమిదేళ్లకు కాగితం అడుగున ఒక నేల గీత వస్తుంది, మనుషులూ ఇళ్లూ చెట్లూ అన్నీ దాని మీద వరసగా నిలబడతాయి. గోడ ఉన్నా లోపల వంట చేస్తున్న అమ్మ కనిపిస్తుంది. పడవ బొమ్మ వేస్తే దాని కడుపులో చేపలు కనిపిస్తాయి. ముఖ్యమనుకున్నది పెద్దగా, కానిది చిన్నగా వస్తుంది. ఇవేవీ తప్పులు కావు. పిల్ల తనకు తెలిసినదంతా చెబుతోంది.

చిక్కంతా తొమ్మిది, పది ఏళ్లు దాటాక. అప్పుడు పిల్లలకు కంటికి కనిపించినట్టే వేయాలన్న తపన పుడుతుంది, చెయ్యి సహకరించదు. పక్కవాడు నవ్వుతాడు. ‘నాకు బొమ్మలు రావు’ అనే మాట సరిగ్గా ఈ వయసులోనే పుడుతుంది, చాలామందిలో ఇక జన్మలో పోదు. ఆరో తరగతి అంటే అదే వయసు. అందుకే ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో డ్రాయింగు మాస్టారు లేకపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ. ఎక్కడ చెయ్యి పట్టుకోవాలో అక్కడే వదిలేస్తున్నాం.

ఆ వయసులో నేను చేసే పని ఒకటే, వస్తువు ముందు కూర్చోబెట్టడం. తేలినీలాపురం మా పిల్లలకు మంచి పాఠశాల. టెక్కలికి దగ్గర్లో, నౌపడ పక్కన ఉన్న ఆ ఊరి చింతచెట్ల మీదికి ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేవేళకు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. అక్కడికి తీసుకెళ్లి కాగితాలిచ్చి, “రంగులొద్దు, గీతలే. మెడ ఎక్కడ వంగిందో అదొక్కటే చూడండి” అన్నాను. కాసేపటికి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. “మాస్టారూ, కొంగ మోకాలు ఎనక్కి వంగతాది!” మనిషికి ముందుకు వంగితే కొంగకు వెనక్కెందుకు వంగుతుంది? అది మోకాలు కాదనీ, మన చీలమండలాంటి కీలు అనీ, అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుందనీ సైన్సు టీచరు సోమవారం చెప్పారు. ఆ పిల్లాడు కొంగల్ని అంతకుముందు ఎన్నిసార్లు చూశాడో. గీయబోయేసరికే కాలు కనిపించింది.

రంగుల సంగతి చెప్పకుండా ఉండలేను. చిన్న బడికి పోస్టరు రంగుల డబ్బాలు నెలనెలా కొనే స్తోమత ఉండదు. గాంధీజీ సేవాగ్రామ్ నయీ తాలీమ్ బడిలో చిత్రకళ నేర్పిన దేవీప్రసాద్ ఉన్న ఊళ్లో దొరికినవాటితోనే పని మొదలుపెట్టమనేవారు. ఆ దారి మాకు సరిపోయింది. మా తోటల ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, బరువు ఇసక దిగాక పైతేట మరో గిన్నెలోకి వంచి ఆరబెడితే మెత్తటి ఎరుపు. దీపం మసి నలుపు. కొబ్బరి చిప్ప కాల్చిన బొగ్గు గీతలకు. బియ్యప్పిండి తెలుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు, కాకపోతే పసుపు రంగులు ఎండకు వెలిసిపోతాయి, నీడన ఉంచాలి. శంఖుపువ్వు రేకలు నలిపిన నీలం మీద నిమ్మరసం చుక్క పడితే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ పిరియడు ఇక ఎవరి మాటా ఎవరూ వినరు.

మట్టి రంగు కాగితానికి అంటుకుని ఉండాలంటే జిగురు కావాలి. జీడిచెట్టు కాండం మీద కారి గడ్డకట్టే జిగురును రాత్రి నీళ్లలో నానేసి పొద్దున గుడ్డలో వడగడితే చక్కగా పనికొస్తుంది, తుమ్మజిగురుకు ఏమాత్రం తీసిపోదు. కానీ జీడిపిక్క పెంకులోని నూనెను మాత్రం ముట్టనివ్వను. ‘నల్లగా ఉంది కదా మాస్టారూ’ అని సీసాలో తెచ్చినవాళ్లున్నారు. అది చర్మాన్ని కాలుస్తుంది. ఇక కుంచెలు. మా ఇసక దిబ్బల మీద మొగలి పొదలకు కొదవ లేదు. ఊడ ముక్క కోసి చివర రాతితో నలిపితే నార విచ్చుకుని కుంచె అవుతుంది. ఒడిశా పటచిత్రకారులు ముతక పనికి మొగలివేరు కుంచెలే వాడతారు.

అన్నిట్లోకీ పిల్లలకు నచ్చింది నౌపడ ఉప్పు. తడి కాగితం మీద పల్చటి నీళ్లరంగు పూసి, మెరుపు ఇంకా ఉండగానే నాలుగు గళ్ల ఉప్పు రాళ్లు చల్లాలి. ప్రతి రాయీ చుట్టూ ఉన్న తడిని పీల్చుకుంటూ రంగును పక్కకు నెడుతుంది. పూర్తిగా ఆరాక దులిపేస్తే ఒక్కో రాయి ఉన్నచోట తెల్లటి నక్షత్రం విచ్చుకుని ఉంటుంది. తొందరపడి చల్లితే ఉప్పు కరిగిపోతుంది, ఆలస్యం చేస్తే ఏమీ రాదు. ఆ క్షణం ఎప్పుడో పసిగట్టడం నేర్పితే వచ్చేది కాదు. సముద్రం నురగ వేయడానికి మా పిల్లలు ఈ కిటుకు వాడతారు. ఒక పిల్లాడు మాత్రం ఉప్పుమడుల బొమ్మనే ఉప్పుతో వేశాడు. వాళ్ల నాన్న నౌపడ మడుల్లో కూలికి వెళ్తాడు.

పలాస అంటే అందరికీ జీడిపప్పు గుర్తొస్తుంది. ఆ పప్పు వెనక ఎన్ని చేతులున్నాయో ఎనిమిదో తరగతి పిల్ల వేసిన ఒక బొమ్మ నాకు చూపించింది. పిక్కల్ని ఆవిరిలో ఉడకబెట్టాలి, ఒక్కొక్కటీ మిషను మీద కోయాలి, పప్పును బోర్మా అనే వేడిగాలి అరలో ఆరబెట్టాలి, పల్చటి తొక్క తీయాలి, గుండ్లూ బద్దలూ వేరు చేయాలి. విరగని గుండుకే ధర. ఇందులో చాలా పని ఆడవాళ్లది. పెంకునూనె తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. ఈ అమ్మాయి ‘మా ఇంట్లో పని’ అనే అంశానికి వాళ్లమ్మను వేసింది. మనిషి మామూలుగానే ఉంది, చేతులు మాత్రం కాగితంలో సగం ఆక్రమించాయి. బొటనవేలూ చూపుడువేలూ కొసలకు మసి అద్దింది, అద్దిన చోటే మళ్లీ అద్దింది. గోళ్ల అంచులకు పసుపు గీత. అరచేయి నడిమి భాగానికి రంగే వేయలేదు, కాగితం తెలుపు అలాగే వదిలేసింది. ఆ తెలుపులో చిన్న గుండు, విరగనిది.

“సేతులు ఇంత పెద్దవేటమ్మా?” అని అడిగాను.

“పని సేసేది అవే కదా మాస్టారూ.”

లోవెన్‌ఫెల్డ్ ఏడేళ్ల పిల్లల గురించి రాసిన మాటను ఈ పదమూడేళ్ల పిల్ల తెలిసి వాడుకుంది. దాన్ని దిద్దడానికి నాకు అర్హత లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల వేగంతో వీచింది. ఇరవై, ముప్ఫై ఏళ్లు పెంచిన కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. బళ్లు తెరిచాక పిల్లలు చెట్లు వేయడం మానేశారు. వేస్తే అడ్డంగా వేసేవారు. నిలువు గీతే లేని బొమ్మలు రోజుల తరబడి చూశాను. బయటి నుంచి వచ్చిన కొందరు ‘తుపాను బొమ్మలు వేయించండి, ఎగ్జిబిషన్ పెడదాం’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్ల తనంతట తాను వేస్తే కూర్చుని వినాలి, అడిగి వేయించకూడదు. కిడ్నీ జబ్బు విషయంలోనూ నాది ఇదే మాట. కారణం ఇదీ అని ఇంకా తేలని ఆ జబ్బు ఉద్దానంలో ఎన్నో ఇళ్లను తాకింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. నాన్న డయాలసిస్‌కు వెళ్లే రోజున ఇంట్లో ఎలా ఉంటుందో తెలిసిన పిల్లలు నా తరగతిలో ఉన్నారు. వాళ్లు సీతాకోకచిలుకలు వేస్తామంటే సీతాకోకచిలుకలే వేయాలి. ఆ ఒక్క గంటా వాళ్లది.

మెళియాపుట్టి వైపు పనిచేసినప్పుడు ఒక సవర పిల్లాడు నాకు కొత్త దారి చూపించాడు. అందరూ కాగితం అడుగున నేల గీత గీసి మొదలుపెడితే వాడు ముందు నాలుగువైపులా అంచు కట్టాడు. తరవాత అంచు నుంచి లోపలికి మనుషుల్నీ ఏనుగుల్నీ చెట్లనూ నింపుకుంటూ వచ్చాడు. నేల గీత లేనే లేదు. సవరల ఇళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేసే దేవుడి బొమ్మ పద్ధతి అది. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. ఆ బొమ్మ ఇల్లు, చుట్టూ ఉన్న అంచే దాని గోడలు. తరగతికంతా నేర్పమని వాణ్ని అడిగాను. ఇంటికి వెళ్లి తాతనడిగి వచ్చాడు. దేవుడి బొమ్మ సరదాకు వేయకూడదని తాత చెప్పాడట, అంచు కట్టి మనుషుల్ని వేసుకోవడానికి అభ్యంతరం లేదన్నాడట. అలాగే చేశాం. ఆ అంచు లోపలికి మధ్యాహ్న భోజనం వరస, కబడ్డీ, హెడ్‌మాస్టరు గారి స్కూటరు వచ్చాయి. ఈ గడ్డ మీదే గిడుగు రామమూర్తి గారు నూరేళ్లకు ముందే సవర నేర్చుకుని, సొంత డబ్బుతో బళ్లు పెట్టి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. బొమ్మకు కూడా పిల్లల ఇంటి భాష ఉంటుందని నాకు అర్థమైంది ఆ తరగతిలోనే.

ఇక బహుమతులు. తల్లిదండ్రులు మొదట అడిగేది అదే, తప్పేమీ లేదు. కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి నడుపుతున్న కళా ఉత్సవ్‌లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లలు జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి జాతీయ స్థాయికి వెళ్లొచ్చు. బొమ్మలే కాదు, శిల్పం, దేశీయ ఆటబొమ్మల తయారీ కూడా అందులో ఉన్నాయి. చిన్న బడి హెడ్‌మాస్టర్లు ఈ కబురు పిల్లల చెవిన వేయాలి. కార్టూనిస్టు శంకర్ 1949లో మొదలుపెట్టిన పిల్లల పోటీ తరవాత అంతర్జాతీయ పోటీగా పెరిగింది. ఇలాంటివి మేలు చేస్తాయి. అయితే మన దగ్గర జరిగే చాలా చిన్న పోటీల్లో ఇచ్చే అంశాలు పిల్లల్ని మళ్లీ ఆ రెండు కొండల దగ్గరికే తోస్తున్నాయి. ‘పర్యావరణ పరిరక్షణ’ అంటే కన్నీళ్లు కార్చే భూగోళం, దాని కింద రెండు చేతులు. అదే అంశాన్ని ‘మీ ఊరి చెరువు’ అని ఇచ్చి చూడండి, ఏ రెండు కాగితాలూ ఒకేలా ఉండవు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకడు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్‌లో చదివాడు. ఒకమ్మాయి కాశీబుగ్గలో మగ్గం వర్క్ చేస్తూ జాకెట్లకు డిజైన్లు తనే గీస్తుంది, పుస్తకం చూసి వేయదు. ఒకడు పడవల మీద పేర్లు రాస్తాడు, అక్షరాల చుట్టూ అతను వేసే చేపలకు తీరమంతా గిరాకీ ఉంది. ఇంకొకడు చేపల వేటకే వెళ్తున్నాడు, ఫోనులో అలల ఫొటోలు తీసి పంపిస్తాడు. వీళ్లలో ఎవరు ఎక్కువ సాధించారని అడిగితే నేను సమాధానం చెప్పను.

మా బడిలో ఏడాదికోసారి వరండాలో కొబ్బరితాళ్లు కట్టి బొమ్మలు వేలాడదీస్తాం. జీడిపప్పు అట్టపెట్టెల లోపలి వైపే మా ఫ్రేములు. పనులు ముగించుకుని తల్లులు వస్తారు. కిందటిసారి చేతుల బొమ్మ ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు ఆగి వాదించుకున్నారు. “నల్లది ఈ ఏలు కాదమ్మా, దీని పక్కది. తొక్క తీసినప్పుడు ఇలగ పట్టుకుంటాం” అని ఒకామె తన చెయ్యి బొమ్మ పక్కన పెట్టి చూపించింది. ఆ పిల్ల పెన్సిలు తెచ్చి అక్కడికక్కడే గుర్తు పెట్టుకుంది. బొమ్మ బాగుందా లేదా అని ఎవరూ అనలేదు. అది నిజమా కాదా అని మాట్లాడుకున్నారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు ఇసక మీద పరిచి బాగుచేస్తుంటారు. వేసవి సెలవులు ఇచ్చే లోపు ఒక వారం దొరుకుతుంది. ఈసారి ఆ వారంలో ఏడో తరగతి పిల్లల్ని మంచినీళ్లపేట ఒడ్డుకు తీసుకెళ్లాలని హెడ్‌మాస్టరు గారిని అడిగాను, సరేనన్నారు. ఇంటిదగ్గర ఖాళీగా ఉన్న డ్రాయింగు మాస్టార్లు, బోర్డులు రాసేవాళ్లు, బొమ్మలు వచ్చిన అక్కాచెల్లెళ్లు ఎవరైనా రావచ్చు. కాగితాలు మేం తెస్తాం. పెన్సిళ్లు చెక్కే బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, అదొక్కటే షరతు.